పియానో, ఫ్రెంచి: రెండింటికీ ఒకే జబ్బు

ముందు నీ ప్రశ్నను నా మాటల్లో ఒకసారి చెప్పుకుంటాను. హైదరాబాదులో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నావు. ఇంటర్‌లో రెండో భాషగా ఫ్రెంచి తీసుకుంటే 100కి 96 వచ్చాయి, ఆ ఊపులో డిగ్రీలోనూ దాన్ని ప్రధాన సబ్జెక్టుల్లో ఒకటిగా పెట్టుకున్నావు. ఎనిమిదేళ్లుగా పియానో నేర్చుకుంటున్నావు, ఏబీఆర్‌ఎస్‌ఎమ్ అనే బ్రిటిష్ సంగీత పరీక్షల సంస్థ పెట్టే గ్రేడ్ 5 ప్రాక్టికల్, అంటే వాయించి చూపే పరీక్ష, పాసయ్యావు. ఈ ఏడాదే గ్రేడ్ 6, ఫ్రెంచి భాషా పరీక్ష డెల్ఫ్‌లో బి1 స్థాయి, రెండూ రాసేయాలని నీ ఉబలాటం. ఉండేది హాస్టలు గది, వాయించేది హెడ్‌ఫోన్లు పెట్టుకుని డిజిటల్ పియానో మీద, రోజుకు దొరికే తీరిక గంటన్నర. మీ నాన్నగారేమో రెండు పడవల మీద కాళ్లు పెట్టొద్దు, ఏదో ఒకటి వదిలెయ్యమంటున్నారు. రెండూ కుదురుతాయా, ఒకదానివల్ల మరొకదానికి ఏమైనా లాభం ఉందా అని అడిగావు.

చివర్లో మాటవరసకు మరో రెండు సంగతులు రాశావు. ఈ మధ్య ఫ్రెంచి సినిమా చూస్తే సబ్‌టైటిల్స్ లేకుండా ఒక్క ముక్క అర్థం కాలేదని ఒకటి. చర్చిలో ఎవరో కీర్తన నొటేషన్ కాగితం చేతికిచ్చి వాయించమంటే చేతులు బిగుసుకుపోయాయని రెండోది. అసలు ప్రశ్నకంటే నాకు అవే ముఖ్యంగా కనిపించాయి. నా సమాధానమంతా వాటి చుట్టూ తిరుగుతుంది.

నా గురించి రెండు మాటలు. సికింద్రాబాదులో తొమ్మిదో ఏట పియానో మొదలుపెట్టాను. ఇరవై రెండేళ్లుగా డిగ్రీ పిల్లలకు ఫ్రెంచి చెబుతున్నాను, సాయంత్రాలు ఇంట్లో పియానో నేర్పుతాను. నా విద్యార్థుల వయసే నీది, కాబట్టి 'నువ్వు' అనే రాస్తున్నాను, ఏమీ అనుకోకు.

నీకు రెండింటిలోనూ ఉన్నది ఒకటే జబ్బు. పాడిందే పాడరా పాచిపళ్ల దాసరా అన్నట్టు, పరీక్షకు కావలసినంత మేరకే తోమి తోమి మెరిపించావు. ఆ గీత దాటి ఒక్క అడుగు వేస్తే రెండూ చేతకావడం లేదు.

నిన్ను తప్పుపట్టడం లేదు. హైదరాబాదులో రెండో భాషగా ఫ్రెంచి తీసుకునేవారిలో చాలామంది మార్కులు బాగా పడతాయనే తీసుకుంటారు. క్రియారూపాల పట్టికలు, ఖాళీలు పూరించడం, నాలుగైదు ఉత్తరాలు, పాఠం కింద ప్రశ్నలకు జవాబులు. అన్నీ కాగితం మీదే. రెండేళ్లపాటు నోరు మెదపకుండా 96 తెచ్చుకోవచ్చు. అలా తెచ్చుకున్నవాళ్లు ఏటా నా తరగతిలో కూర్చుంటారు, మొదటి రోజు పేరేమిటని ఫ్రెంచిలో అడిగితే పక్కవాళ్ల మొహం చూస్తారు.

పియానో గ్రేడ్లదీ ఇదే వరస. మొత్తం 150 మార్కులు, పాసవడానికి 100. మూడు పీసులకు 30 చొప్పున 90, స్కేల్స్‌కు (స్వరాల ఆరోహణ అవరోహణలకు) 21, సైట్ రీడింగ్‌కు (కొత్త నొటేషన్ చూసి అప్పటికప్పుడు వాయించడానికి) 21, విని జవాబు చెప్పే చెవి పరీక్షకు 18. పది నెలలు మూడు పీసులే వాయిస్తే ఒక్కోదానికి 27 వస్తాయనుకో, 81. స్కేల్స్‌లో 17. అక్కడికే 98. ఇక సైట్ రీడింగ్‌లో తడబడినా, చెవి పరీక్షలో ఊహించి చెప్పినా గట్టెక్కేస్తావు. సర్టిఫికెట్టు ఫ్రేము కట్టి గోడకు వేలాడుతుంది. చర్చిలో కీర్తన కాగితం మాత్రం అరవం రాసిన బోర్డులా కనబడుతుంది.

ఈ జబ్బు నాకూ ఉండేది కాబట్టే ఇంత ధీమాగా చెబుతున్నాను. డిగ్రీ మూడో ఏట ఒక ఫ్రెంచి పియానిస్టు మా ఊరొచ్చి రెండు రోజులు పిల్లలకు పాఠాలు చెప్పారు. నాకు ఫ్రెంచి వచ్చని, దుబాసీ అక్కర్లేదని ముందే గొప్పగా చెప్పుకున్నాను. వాయిస్తుంటే మధ్యలో ఆపి, "రెప్రెనే ఆ లా మెజ్యూర్ దూజ్, లా మేఁ గోష్, సి బెమోల్" అన్నారు. 12వ బారు (నొటేషన్‌లో నిలువు గీతల మధ్య గడి) నుంచి మళ్లీ, ఎడమ చెయ్యి, బి ఫ్లాట్. అంతే. రెప్రెనే అన్నది ఏ క్రియ నుంచి వచ్చిందో, దాని రూపాలన్నీ ఏమిటో నిద్రలో లేపినా రాసేదాన్ని. కానీ ఆ మాటలు గాలిలో వేగంగా వచ్చేసరికి నా చెవికి ఒక్కటీ ఆనలేదు. కుర్చీలో బొమ్మలా కూర్చున్నాను. ఆయన విసుక్కోలేదు. జేబులోంచి పెన్సిలు తీసి దాని మొనతో ఆ నల్ల కీని తట్టారు, టిక్ టిక్ అని రెండుసార్లు. ముప్పయ్యేళ్లు కావస్తున్నా ఆ చప్పుడు చెవిలో ఉంది.

మందు ఒకటే. తేలికవి, చాలా, రోజూ.

పియానోకైతే నీ స్థాయికి రెండు మూడు గ్రేడ్లు కింద ఉన్నవి తెచ్చుకో. బర్గ్‌ముల్లర్ రాసిన ఓపస్ 100లో (ఓపస్ అంటే రచన సంఖ్య) 25 చిన్న ఎత్యూద్‌లు, అంటే సాధన పీసులు, ఉన్నాయి. ఆయన జర్మనీలో పుట్టి పారిస్‌లో స్థిరపడ్డవాడు, పేర్లన్నీ ఫ్రెంచిలోనే పెట్టాడు. బార్టోక్ 'మిక్రోకోస్మోస్' ఆరు సంపుటాల్లో 153 పీసులున్నాయి, మొదటి రెండు సంపుటాలు చాలు. షూమన్ పిల్లల కోసం రాసిన ఓపస్ 68లో 43 ఉన్నాయి. బర్గ్‌ముల్లర్, షూమన్ ఐఎంఎస్‌ఎల్‌పీ అనే నొటేషన్ల సైటులో ఉచితంగా దొరుకుతాయి, బార్టోక్ పుస్తకం కొనుక్కో. రోజుకు రెండు కొత్త పీసులు. ఒక్కోదాన్నీ అర నిమిషం కళ్లతో చూడు, పరీక్షలో ఇచ్చేదీ అంతే. స్వరస్థాయి ఏమిటి, తాళం ఏమిటి, ఎక్కడ చెయ్యి దూకాలి, ఇంతే చూడాలి. తర్వాత నెమ్మదిగా మొదలుపెట్టి ఆగకుండా చివరిదాకా వెళ్లు. తప్పు స్వరం పడితే పడనీ, తాళం మాత్రం తప్పకూడదు, వెనక్కి పోయి దిద్దుకోకూడదు. రెండోసారి వాయించు, పేజీ తిప్పెయ్. మర్నాడు దాని మొహం చూడకు.

ఈ చివరి మాటే నా పిల్లలకు మింగుడుపడదు. తప్పులు వదిలేసి ముందుకు పోవడం పాపంలా తోస్తుంది వాళ్లకు. మన చదువు అలా అలవాటు చేసింది. కానీ వీధిలో నడిచేవాడు ప్రతి రాయి దగ్గరా ఆగి దాన్ని కడిగి పెట్టడు కదా.

ఫ్రెంచికీ అక్షరాలా ఇదే పద్ధతి. ఫ్రాన్సు అంతర్జాతీయ రేడియో ఆర్‌ఎఫ్‌ఐలో తేలిక ఫ్రెంచిలో పది నిమిషాల వార్తలు వస్తాయి, వాటి పాఠం కూడా ఇస్తారు. ఒకసారి కాగితం లేకుండా విను. ఇంకోసారి పాఠం చూస్తూ విను. మూడోసారి ఒక్క నిమిషం భాగం మాత్రం తీసుకుని, చదివేవాళ్లతో పాటు నువ్వూ పైకి చదువు, వాళ్ల వేగంతో, వాళ్ల ఊపిరితో. నిఘంటువు తెరవకు. తెలియని మాటలు తెలియనట్టే పోనీ, మూడు రోజుల్లో అదే మాట మళ్లీ వస్తుంది. ఫ్రెంచిలో సైట్ రీడింగ్‌ను 'దెషిఫ్రే' అంటారు, రహస్యలిపిని విప్పడం అని అర్థం. వార్తలు వినడమూ మొదట్లో అచ్చంగా ఆ పనే.

తోమే పని పూర్తిగా మానమని కాదు. ఒక పెద్ద పీసు, ఒక ఫ్రెంచి పద్యం ఎప్పుడూ పొయ్యి మీద ఉడుకుతూనే ఉండాలి. ఇప్పుడు నీకున్నది తోముడు మాత్రమే, అది చిక్కు.

ఇక ఒకదానికొకటి పనికొస్తాయా అన్నావు. పనికొస్తాయి, కానీ జనం చెప్పుకునే తీరులో కాదు. సంగీతం వస్తే భాషలు ఇట్టే వస్తాయని, మెదడు చురుకవుతుందని చెప్పేవాళ్ల మాటలు నేను పట్టించుకోను. నాకు తెలిసిన లాభం చాలా మొరటుది, చేతికి తగిలేది.

మొదటిది నొటేషన్ కాగితం మీదే ఉంది. ఫ్రెంచి సంగీతకర్త డెబ్యుస్సీ తన ప్రెల్యూద్‌లను, అంటే చిన్న పియానో పీసులను, 12 చొప్పున రెండు పుస్తకాలుగా 1910, 1913లలో అచ్చు వేయించాడు. వాటి పేర్లు పైన ఉండవు. పీసు అయిపోయాక అడుగున, చుక్కల తర్వాత, బ్రాకెట్లలో ఉంటాయి. ముందు వాయించు, పేరు సంగతి తర్వాత అన్నట్టు. మొదటి పుస్తకంలో ఆరోది 'మంచు మీద అడుగులు'. వేళ్లకు పెద్ద కష్టమేమీ లేదు, నీ స్థాయివాళ్లు స్వరాలు పట్టుకోగలరు. మొదటి బారులోనే ఎడమ చేతిలో రె-మి, మి-ఫ అంటూ కుంటుతున్నట్టు నడిచే చిన్న లయ మొదలవుతుంది. దాని దగ్గర ఒక వాక్యం రాశాడు: ఈ లయ ఒక విషాదమైన, గడ్డకట్టిన ప్రకృతి దృశ్యానికి వెనకతెరలా వినిపించాలి అని. ఫ్రెంచిలో ఆ వాక్యం బి1 చదివేవాళ్లకు నల్లేరు మీద బండి. 'ద్వా అవ్వార్' అంటే 'ఉండాలి', నువ్వు పట్టికలో బట్టీ పట్టిందే. కీలకం 'ఫోఁ' అన్న చిన్న మాటలో ఉంది, వెనకతెర. ఆ మాట చదవని పిల్లలు ఆ లయనే ముందుకు తెచ్చి దడదడలాడిస్తారు. చదివినవాళ్లు దాన్ని దూరంగా పెట్టి, పైన వచ్చే రాగాన్ని ఒంటరిగా నడిపిస్తారు. స్వరాలు మారలేదు, ఒక్క నామవాచకం అర్థమైంది, పీసు మారిపోయింది.

అలాంటి మాటలు ఇంకా చాలా ఉన్నాయి. 'సెదే' అని ఉంటే నిఘంటువు 'లొంగు, ఇచ్చెయ్' అంటుంది. అక్కడ చేయవలసింది తాళాన్ని కొద్దిగా సడలించడం. 'సెరే' అంటే బిగించమని, అంటే వేగం కూడదీసుకోమని. 'ఆఁ దెఓర్' అంటే 'బయట', అంటే ఆ స్వరపంక్తి మిగతా గొంతుల్లోంచి బయటికి వినిపించాలి. గమనించావా, సెదే, సెరే రెండూ 'వు' రూపాలే, అంటే మనకు 'మీరు' అన్నట్టు. నేను నిన్ను నువ్వంటున్నాను గానీ డెబ్యుస్సీ మీరు అంటాడు. ఇంకో ఫ్రెంచి సంగీతకర్త ఎరిక్ సాతీ మరీ విచిత్రం. 'గ్నోసియెన్' అనే పీసుల్లో మూడోదాని మధ్యలో 'తల తెరవండి' అని రాశాడు. అదెలా వాయించాలో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు, కానీ ఆ మాట దగ్గరికి వచ్చినప్పుడల్లా నా భుజాలు కాస్త దిగుతాయి.

రెండోది స్వరాల పేర్లు. ఇక్కడ జాగ్రత్త, మనవాళ్లు బోల్తాపడే చోటు ఇది. చిన్నప్పుడు సరళీ స్వరాలు పాడావా? పాడి ఉంటే నీకు 'స' ఎక్కడైనా ఉండవచ్చు, శ్రుతి మారితే అదీ మారుతుంది. ఫ్రాన్సులో స్వరాల పేర్లు దో, రే, మి, ఫా, సోల్, లా, సి. ఆ 'దో' అలా కదలదు. పియానో మీద సి అనే తెల్ల కీ ఎప్పటికీ దో. పీసు డి మేజర్‌లో ఉన్నా సరే, డి అంటే రే, రాగం మొదలయ్యే చోటు కాబట్టి దో అని పిలవరు. ఇంకో తికమక, మన నొటేషన్ పుస్తకాల్లో సి అంటే దో, ఫ్రెంచివాళ్ల నోట 'సి' అంటే బి. ఆనాడు నేను బొమ్మలా కూర్చోవడానికి కారణం సగం ఇదే. 'సి బెమోల్' వినగానే నా చెయ్యి సి దగ్గరికి పోయింది, దాని పక్కన ఫ్లాట్ కోసం వెతికింది.

కాలప్రమాణాల పేర్లలో ఇంతకంటే పెద్ద గొయ్యి ఉంది. ఫ్రెంచిలో నాలుగు దెబ్బల స్వరం 'రోఁద్', గుండ్రనిది. రెండు దెబ్బలది 'బ్లాఁష్', తెల్లనిది. ఒక దెబ్బది 'న్వార్', నల్లనిది. చూడగానే తెలిసే పేర్లు, బాగున్నాయి. అర దెబ్బది 'క్రోష్', కొక్కెం ఉన్నది. మనం బ్రిటిష్ పద్ధతిలో నేర్చుకున్నాం కాబట్టి 'క్రాచెట్' అంటే ఒక దెబ్బ. ఆ మాట కూడా ఫ్రెంచిలో కొక్కెం నుంచి వచ్చిందే, కానీ విలువ వేరు. ఫ్రెంచి గురువు క్రోష్ అంటే నువ్వు క్రాచెట్ అనుకున్నావో, పీసంతా సగం వేగానికి పడిపోతుంది.

అందుకే నా పిల్లల చేత ఒక పని చేయిస్తాను, నువ్వూ చెయ్యి. సాతీ 1888లో రాసిన మొదటి 'జిమ్నోపెదీ' తీసుకో, నీ చేతికి సులువే. పైన 'లాఁ ఎ దులురో' అని ఉంటుంది, నెమ్మదిగా, వేదనతో. ఎడమ చేతిలో కింద సోల్ ఒకటి, రెండో దెబ్బకు పైన సి-రే-ఫా కలిపి. తర్వాతి బారులో కింద రే, పైన లా-దో-ఫా. ఇలా ఊగుతుంది. ఐదో బారులో కుడిచేతి రాగం రెండో దెబ్బ మీద మొదలవుతుంది: ఫా-లా, సోల్-ఫా-దో, సి-దో-రే, లా. వాయిస్తూ ఈ పేర్లు పైకి పలుకు. ఇందులో ఫా, దో రెండూ షార్పులే అయినా పలికేటప్పుడు 'దియెజ్' చేర్చనక్కర్లేదు, ఫ్రాన్సు బళ్లలో పిల్లలూ వట్టి ఫా, దో అనే పాడతారు. వారం రోజులు చేస్తే 'సి బెమోల్' అన్నప్పుడు చెయ్యి సరైన కీ మీదికి దానంతట అదే పోతుంది. ఆలోచించి పోవడం కాదు, పోవడం. సినిమాలో మాటలు అర్థం కావాలన్నా కావలసింది ఆ వేగమే.

మూడోది ఉచ్చారణ. ఇందులో నీకు ఇంగ్లీషు అడ్డం, తెలుగు సాయం. ఫ్రెంచి వాక్యాన్ని మన పిల్లలు మాటకు మాటకు మధ్య గోడ కట్టి చదువుతారు. తెలుగు అలా మాట్లాడతామా? 'వాడు ఎక్కడ' అన్నది 'వాడెక్కడ' అవుతుంది, మధ్య అచ్చు ఎగిరిపోతుంది. ఫ్రెంచిలో 'ల', 'అమి' కలిసి 'లామి' కావడం అదే. 'మా అమ్మ' అనేటప్పుడు 'మాయమ్మ' అని ఒక యకారం వచ్చి చేరుతుంది. ఫ్రెంచిలో 'లె', 'అమి' కలిసినప్పుడు, అప్పటిదాకా నోరు విప్పకుండా కూర్చున్న చివరి అక్షరం లేచి 'లెజామి' అంటుంది. సంధులు బట్టీ పట్టి విసిగిపోయిన ప్రాణాలం మనం, అవి ఇక్కడ ఇలా అక్కరకొస్తాయని ఎవరూ చెప్పరు. లెగాటో, అంటే స్వరాలు తెగకుండా, వాయించేటప్పుడు మీ టీచరు ఏమంటారు? తర్వాతి వేలు దిగేదాకా ముందు వేలు లేవకూడదంటారు. నాలుకకూ అదే చెప్పు.

ముక్కుతో పలికే అచ్చుల కోసం మన అరసున్నను మళ్లీ బయటికి తీశాను, తరగతిలో బోర్డు మీద కూడా అదే వాడతాను. సంగీతకర్త పేరు చోపిన్ కాదు, షోపాఁ. వేళ్ల కసరత్తుల పుస్తకం రాసిన హానన్ అసలు 'అనోఁ', ముందున్న హకారం పలకదు. మన నోళ్లలో పడి ఫ్రెంచి పేర్లు ఏమవుతాయో చూడాలంటే మలక్‌పేట దాకా వెళ్తే చాలు. నిజాం కొలువులో పనిచేసిన ఫ్రెంచి సేనాని ముస్యో రేమోఁ పేరే మూసారాంబాగ్ అయిందంటారు.

ఇంకో చిట్కా. డెల్ఫ్ మాట్లాడే పరీక్షలో నీ గురించి చెప్పమంటారు, పియానో సంగతి ఎలాగూ వస్తుంది. మా పిల్లలందరూ ఇంగ్లీషులో వాక్యం కట్టి దాన్ని ఫ్రెంచిలోకి మార్చబోయి భూతకాలంలో ఇరుక్కుంటారు. తెలుగులో అనుకో: 'ఎనిమిదేళ్లుగా పియానో వాయిస్తున్నాను'. వర్తమానమే కదా? ఫ్రెంచిలోనూ వర్తమానమే: 'జ జూ ద్యు పియానో దెపుయి ఉయితాఁ'. అలాగే 'నాకు ఇరవై ఏళ్లు' అన్న తీరు ఫ్రెంచికి దగ్గర, ఇంగ్లీషుకు కాదు. ఆ 'ద్యు' దగ్గర మాత్రం ఆగు. వాద్యమైతే 'ద', ఆట అయితే 'ఆ' వాడాలి. ఫుట్‌బాల్ ఆడినట్టు పియానో ఆడావో, పరీక్షాధికారి పెదవి కొరుక్కుంటారు. ఇంకా, సాధన చేస్తున్నానని చెప్పడానికి ఫ్రెంచివాళ్లు 'త్రవయ్యే' అంటారు, పనిచేయడం అని. పియానోను పనిచేస్తారు వాళ్లు. నాకు ఆ మాట ఇష్టం.

ఇప్పుడు పరీక్షలు. రెండూ ఒకే ఏడాది వద్దు. తెలివి చాలక కాదు. రెండు పరీక్షల ముందూ చివరి రెండు నెలలు తోముడే ఉంటుంది, అవి ఒకదానిమీద ఒకటి పడితే పైన చెప్పిన తేలిక చదువు మొదట బలవుతుంది. ఈ ఏడాది డెల్ఫ్ బి1 రాయి, కాలేజీలో ఎలాగూ ఫ్రెంచి నడుస్తోంది కాబట్టి. అందులో వినడం, చదవడం, రాయడం, మాట్లాడడం, ఒక్కోదానికి 25. మొత్తం 50 వస్తే పాసు, కానీ దేంట్లోనూ 5 కంటే తగ్గకూడదు. ఒకసారి పాసైతే ఆ పట్టాకు గడువు తీరడమంటూ ఉండదు. మాట్లాడే పరీక్షలో మూడు భాగాలుంటాయి. చివరిదానికే పది నిమిషాలు ఆలోచించుకోనిస్తారు. మధ్యలోది ఎలా ఉంటుందంటే, చీటీ తీస్తావు, అందులో ఒక సందర్భం ఉంటుంది, అప్పటికప్పుడు పరీక్షాధికారితో దాన్ని నడిపించాలి. ఇది సైట్ రీడింగ్ కాక మరేమిటి? ఆగకు, వెనక్కి వెళ్లి దిద్దుకోకు, తాళం తప్పకు.

గ్రేడ్ 6 వచ్చే ఏడాది. ఇంతకీ నువ్వు గ్రేడ్ 5 'ప్రాక్టికల్' పాసయ్యానని రాశావు. థియరీ రాశావా? ఏబీఆర్‌ఎస్‌ఎమ్‌లో గ్రేడ్ 6కు వెళ్లాలంటే గ్రేడ్ 5 థియరీ, లేదా వాళ్లు దానికి సమానంగా ఒప్పుకునే మరో పరీక్ష, పాసై ఉండాలి. చాలామంది పిల్లలు ఫీజు కట్టబోయే రోజు ఈ సంగతి తెలుసుకుని ఏడుస్తారు. ఆన్‌లైన్ పరీక్షే, 75కి 50 వస్తే పాసు. రాయకపోతే ఈ ఏడాది పియానో వైపు నీ పరీక్ష అదే. ఇటాలియన్ మాటలతో పాటు ఫ్రెంచి మాటలూ అడుగుతారు, వాటిని నువ్వు చదవనక్కర్లేదు.

గంటన్నరను నేనైతే ఇలా విడగొడతాను. పొద్దున హాస్టల్లో అందరూ స్నానాల గది దగ్గర వరసలో ఉండగా పాతిక నిమిషాలు ఫ్రెంచి, వార్తలు వినడం, పైకి చదవడం. సాయంత్రం గంట పియానో. అందులో మొదటి పది నిమిషాలూ సైట్ రీడింగే, ఒళ్లు అలసిపోయాక పెట్టుకుంటే కళ్లు ముందుకు కదలవు. తర్వాత ఐదారు స్కేల్స్, పేర్లు ఫ్రెంచిలో పలుకుతూ. మిగిలినదంతా ఒకే ఒక్క పీసు, అది కూడా మొదటినుంచి చివరిదాకా కాదు, ఏ ఎనిమిది బార్లు నిన్న తడబడ్డాయో అవే. పడుకునే ముందు ఆ రోజు సాధనలో ఏం జరిగిందో ఫ్రెంచిలో నాలుగు వాక్యాలు రాయి, తప్పులతోనే రాయి. పరీక్షల వారాల్లో ఇదంతా జరగదు, నాకు తెలుసు. అప్పుడు పది నిమిషాల వార్తలు, పది నిమిషాల సైట్ రీడింగ్, ఈ రెండూ మాత్రం వదలకు. తోముడు వారం రోజులు ఆగినా పాడవదు.

మీ నాన్నగారి విషయం. ఆయన భయం అర్థమవుతుంది, నాకూ పిల్లలున్నారు. ఉద్యోగం మాటకొస్తే ఫ్రెంచి బి2 (బి1 పై స్థాయి) దాకా వెళ్తే హైదరాబాదు కంపెనీల్లో దానికి గిరాకీ ఉంది. ఫ్రాన్సులో ఫ్రెంచిలోనే డిగ్రీ చదవాలన్నా సాధారణంగా బి2 అడుగుతారు. పియానో ఒక్కదానితో ఇల్లు గడవడం కష్టం, పాఠాలు చెప్పుకుంటూ కొంత సంపాదించవచ్చు. ఇవి దాచకుండా చెప్పు. ఆయన కథలు వినే మనిషైతే షోపాఁ ఇంటి సంగతి చెప్పు. తండ్రి నికోలా ఫ్రాన్సులోని లొరేన్ ప్రాంతం నుంచి పోలండు వెళ్లి, అక్కడి పిల్లలకు ఫ్రెంచి చెప్పి బతికాడు. కొడుకు 1831లో పారిస్ చేరి, అక్కడ పియానో చెప్పి బతికాడు. కొడుకు 39 ఏళ్లకే పోయిన సంగతి మాత్రం ఎత్తకు.

ఇక నువ్వు అడగకపోయినా ఒకటి. హెడ్‌ఫోన్లు పెట్టుకుంటే నీకు చప్పుడు వినబడదు గానీ, కీలు అడుగుకు తగిలే టకటక కింది గదివాళ్లకు సుత్తి దెబ్బల్లా వినిపిస్తుంది. రాత్రి తొమ్మిది తర్వాత వార్డెన్ దగ్గరికి ఫిర్యాదు వెళ్లేది అందుకే. స్టాండు కాళ్ల కింద పాత బొంత నాలుగు మడతలు వేసి పరుచుకో. పెడల్ మాత్రం బొంత మీద పెట్టకు, జారిపోతుంది. దాని కింద రబ్బరు అడుగున్న కాళ్లపట్టా వేసుకో. వారానికి ఒక్కసారైనా చర్చిలోనో, మీ టీచరు ఇంట్లోనో నిజమైన పియానో మీద కూర్చో. హెడ్‌ఫోన్లలో ధ్వని పెంచుకుని వాయించే అలవాటు పడితే వేళ్లు బద్ధకిస్తాయి, అసలు పియానో దగ్గర నీ రాగం గుసగుసలా వినిపిస్తుంది. ఈసారి చర్చికి వెళ్లినప్పుడు ఆ కీర్తనల పుస్తకం అడిగి తెచ్చుకో, రోజుకు రెండు.